సున్నిత మనస్కులకు ఓసీడీ చికిత్స: ఏది ఎంచుకోవాలి, ఎలా మొదలుపెట్టాలి

ఓసీడీ అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్: వద్దన్నా వచ్చే ఆలోచన, దాన్ని అణచడానికి మళ్లీ మళ్లీ చేసే తంతు. అది ఉందని తేలాక డాక్టరు "ఈఆర్‌పీ చేయించుకోండి" అనగానే చాలామంది ముఖాలు వాడిపోతాయి. ఈఆర్‌పీ అంటే ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. భయపెట్టేదానికి కావాలని ఎదురెళ్లాలి. ఆ తర్వాత చేతులు కడుక్కోవడం, తాళం లాగి చూడడం వంటి అలవాటైన తంతు ఏదీ చేయకుండా ఉండాలి. ఇది వినగానే చాలామంది అనే మాట ఒకటే: "నేను అసలే సున్నితం. ఎవరైనా ఒక మాటంటే రెండు రోజులు నిద్ర పట్టదు. ఇది నా వల్ల కాదు." పక్కనున్న తల్లో భర్తో వంత పాడతారు: "తట్టుకోలేదండీ, మందులేవో రాసివ్వండి."

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సున్నిత స్వభావం ఉన్నంత మాత్రాన ఈఆర్‌పీని పక్కన పెట్టనక్కర్లేదు. ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలి, ఎంత వేగంగా నడవాలి, ఎవరి దగ్గర చేయాలి, మందు తోడు కావాలా అన్నవి మాత్రం ఆ స్వభావాన్ని చూసే తేల్చుకోవాలి. మినహాయింపులు ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ఈఆర్‌పీ గదిలో జరిగేది

ఈ పద్ధతికి మొరటుదన్న పేరు ఊరికే రాలేదు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇద్దరు రోగులతో దీన్ని ప్రయోగించినప్పుడు వారిని ఆస్పత్రిలో ఉంచి, తంతులు చేయకుండా నర్సులను కాపలా పెట్టారు. ఫలితం బాగానే వచ్చింది. కానీ ఆ కాపలా దృశ్యమే జనం మనసులో నిలిచిపోయింది. ఇప్పుడు ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో తేల్చేది చికిత్స తీసుకునే మనిషే. థెరపిస్టు పక్కన నడుస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆఫీసుకు బయలుదేరే ముందు గ్యాస్ రెగ్యులేటర్ కట్టానా లేదా అని ఆరేడుసార్లు వంటగదిలోకి వెళ్లి చూసే వ్యక్తి ఉన్నాడు. కట్టిన రెగ్యులేటర్‌ను ఫోనులో ఫొటో తీసి, బస్సులో కూర్చుని మళ్లీ మళ్లీ తెరిచి చూసుకుంటాడు. మధ్యాహ్నం భార్యకు ఫోను చేసి "వాసనేమైనా వస్తోందా" అని అడుగుతాడు. చికిత్సలో మొదటి పని, ఒక్కో పరిస్థితికి సున్నా నుంచి వంద దాకా ఆందోళన అంకె వేసుకోవడం. భార్య ఇంట్లో ఉండగా ఒక్కసారే చూసి గుమ్మం దాటితే 30. ఫొటో లేకుండా వీధి చివరిదాకా వెళ్లి వస్తే 45. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక్కసారే కట్టి, తాళం వేసి, ఆఫీసుకు వెళ్లిపోతే 80. అలాగే రెండు రోజులు ఊరెళితే 95.

మొదలు 30 దగ్గర. రెగ్యులేటర్ తిప్పుతాడు, వెనక్కి తిరుగుతాడు. "కట్టాను, కట్టాను" అని లోపల అనుకోవడం కూడా తంతే కాబట్టి అదీ మానేయాలి. గుమ్మం దాటగానే అరచేతులు చెమటపడతాయి, కడుపులో తిప్పుతుంది. వీడియో కాల్‌లో ఉన్న థెరపిస్టు "ఏం కాదులెండి" అనరు. ఆ మాట అంటే ఫొటో చూసుకోవడానికీ దానికీ తేడా ఉండదు. "ఇప్పుడు ఏం జరుగుతుందని అనిపిస్తోంది? అది జరుగుతుందని ఎంత నమ్మకం?" అని అడుగుతారు. "ఇల్లు అంటుకుంటుంది, 70 శాతం నమ్మకం" అని అతడు కాగితంపై రాస్తాడు. సాయంత్రం ఆ కాగితం తీసి, జరిగినదానితో పోల్చి చూస్తారు.

ఈ కాగితం సున్నిత మనస్కులకు ప్రత్యేకంగా పనికొస్తుంది. పాత పద్ధతిలో ఆందోళన అంకె సగానికి దిగేదాకా అక్కడే కూర్చోమనేవారు. లోపలి ప్రతి కదలికనూ పట్టి చూసుకునే మనిషికి "తగ్గిందా, తగ్గిందా" అన్న ఎదురుచూపే కొత్త తంతు అవుతుంది. మిషెల్ క్రాస్క్ వంటి పరిశోధకులు 2008 తర్వాత ముందుకు తెచ్చిన పద్ధతిలో ఆందోళన తగ్గాలన్న షరతు లేదు. అనుకున్నది జరగలేదనీ, ఆందోళన ఉన్నా పని చేసుకోగలిగాననీ మెదడు నేర్చుకుంటే చాలు. థెరపిస్టును ఎంచుకునేటప్పుడు ఆయన ఈ రెంటిలో ఏ దారిలో పనిచేస్తారో అడగండి.

ముందు మీది ఏ సున్నితమో తేల్చుకోండి

"నేను సున్నితం" అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి. చికిత్స ఎంపిక తడబడేది ఎక్కువగా ఇక్కడే.

మొదటిది పుట్టుకతో వచ్చే స్వభావం. వెలుతురు, చప్పుడు, ఎదుటివారి ముఖకవళికలు, సంగీతం అన్నీ వీరికి ఇతరులకన్నా లోతుగా తగులుతాయి. అమెరికన్ సైకాలజిస్టు ఎలైన్ ఆరన్ 1990లలో దీన్ని అధ్యయనం చేసి, 27 ప్రశ్నల కొలమానం తయారు చేశారు. ఇది జబ్బు కాదు, ఏ రోగాల జాబితాలోనూ లేదు. ఇలాంటివారికి చెడు ఎక్కువగా తగిలినట్టే మంచి కూడా ఎక్కువగా తగులుతుందని మైకేల్ ప్లూస్ వంటివారి వాదన. లండన్‌లో డిప్రెషన్ నివారణ కోసం ఒక బడిలో నడిపిన కార్యక్రమం సున్నితత్వం ఎక్కువున్న అమ్మాయిలకే మేలు చేసిందని 2015లో ఆయన, ఇలోనా బోనివెల్ ప్రచురించారు. అది డిప్రెషన్ సంగతి. ఓసీడీకి నేరుగా అతికించలేం. కానీ "సున్నితం కాబట్టి థెరపీ పనిచేయదు" అనేవారు ఆగి ఆలోచించడానికి అది సరిపోతుంది. ఈ స్వభావం ఉన్నవారు ఈఆర్‌పీనే ఎంచుకోవచ్చు. మెట్లు చిన్నవిగా పెట్టుకోవాలి, సెషన్ అయ్యాక వెంటనే ఆఫీసు మీటింగు లేకుండా చూసుకోవాలి, అంతే.

రెండోది ఆందోళన అంటేనే భయం. గుండె దడదడలాడితే గుండెపోటనీ, తల తిరిగితే మతి తప్పుతోందనీ అనుకోవడం. 1980లలో స్టీవెన్ రీస్, రిచర్డ్ మెక్‌నాలీ దీనికి ఒక కొలమానం తయారు చేశారు. ఈఆర్‌పీ తట్టుకోలేననే వారిలో చాలామందిని అసలు ఆపుతున్నది ఇదేనని నా అనుమానం. మురికికన్నా, మురికి ముట్టాక ఒంట్లో రేగే అలజడి వారికి భయం. అలాంటప్పుడు ముందుగా ఒంటి లక్షణాలకే అలవాటు పడే అభ్యాసాలు చేయిస్తారు: మెట్లు గబగబా ఎక్కి దడ తెచ్చుకోవడం, కుర్చీలో గిరగిరా తిరగడం, సన్నని స్ట్రాతో ఊపిరి పీల్చడం. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, గర్భం ఉంటే ముందు డాక్టరును అడగాలి. ఇవి కొన్నిసార్లు చేశాక ఓసీడీ మెట్లు ఎక్కడం తేలికవుతుంది.

మూడోది అసహ్యం. బాత్రూమ్ గచ్చు, ఆస్పత్రి కుర్చీ, చెత్తబుట్ట చూస్తే భయంకన్నా ఏవగింపు ఎక్కువ కలిగేవారు. భయం కంటే అసహ్యం నెమ్మదిగా దిగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ సంగతి తెలియక నాలుగు సెషన్లకే "నాకు పనిచేయలేదు" అని మానేస్తారు. ఇటువంటివారు ఎక్కువ సెషన్లకు సిద్ధపడి మొదలుపెట్టడం మంచిది. మన ఇళ్లలో మడి, మైల, అంటు అనే పట్టింపులు దీనికి తోడైతే ఇంకాస్త చిక్కు. పండుగనాడు మడి కట్టుకోవడం ఆచారం. ముట్టుకున్న గరిటెను పదిసార్లు కడిగి, కడిగిన చేతులు పగిలి నెత్తురొచ్చినా ఆగలేకపోవడం జబ్బు. మంచి థెరపిస్టు రెంటినీ కలిపేయరు, ఆచారం వదలమని అడగరు. పూజలో మంత్రం తప్పు పలికానేమోనని మళ్లీ మొదటినుంచి చదివే వ్యక్తికి ఇచ్చే అభ్యాసం కూడా దేవుణ్ణి తిట్టమని ఉండదు. తప్పు పలికాననిపించినా సరే, ఒక్కసారే చదివి లేచి రమ్మంటారు.

నాలుగోది అపరాధ భావం. "బిడ్డ దగ్గర ఉండగా కత్తి చూసి చెడు ఊహ వచ్చింది, అంటే నేను రాక్షసినా?" అని కుమిలిపోయే తల్లులు, బండి కుదుపుకు లోనైతే ఎవరినో గుద్దానేమోనని వెనక్కి తిరిగి చూసొచ్చేవారు ఈ కోవలోకి వస్తారు. ఊహ రావడానికీ పని చేయడానికీ తేడా లేనట్టు, జరగబోయే కీడంతటికీ తానే పూచీ అన్నట్టు నమ్మడం ఓసీడీకి పునాది అని పాల్ సల్కోవ్‌స్కిస్ 1985లోనే రాశారు. వీరికి ఆలోచనలను పరిశీలించే కాగ్నిటివ్ థెరపీని ఈఆర్‌పీతో కలిపి ఇస్తే మొదటి మెట్టు ఎక్కడం సులభమవుతుంది. భయపడే ఘటనను కథలా రాసి పదేపదే చదివే ఊహాత్మక ఎక్స్‌పోజర్ కూడా వీరికే ఎక్కువగా అవసరమవుతుంది. ఆ కథను తెలుగులో రాయండి. ఇంగ్లీషులో చదువుకున్నవారు ఇంగ్లీషులో రాసి "నాకేమీ అనిపించలేదు" అంటారు. వాక్యం ఇంట్లో మాట్లాడే మాటల్లో ఉన్నప్పుడే అది తగలాల్సిన చోట తగులుతుంది.

వీటికి తోడు ఒక హెచ్చరిక. చప్పుళ్లు, బట్టల స్పర్శ భరించలేకపోవడం చిన్నప్పటి నుంచీ ఉండి, ఆటిజం లక్షణాలు కూడా కనిపిస్తే, దాన్ని ఓసీడీ అనుకుని ఎక్స్‌పోజర్ చేయించకూడదు. నిర్ధారణ ముందు జరగాలి.

దారులను పక్కపక్కన పెడితే

ఈఆర్‌పీనీ మందునీ ఎదురెదురుగా పోల్చిన అధ్యయనాల్లో ఎడ్నా ఫోవా బృందం 2005లో ప్రచురించినది ముఖ్యమైనది. 122 మంది, 12 వారాలు. మధ్యలో మానేసినవారిని కూడా లెక్కలో కలిపితే, ఈఆర్‌పీతో 62 శాతం, క్లోమిప్రమిన్ అనే మందుతో 42 శాతం, రెండూ కలిపితే 70 శాతం, ఉత్తుత్తి మాత్రతో 8 శాతం మంది స్పందించారు. రెండూ కలిపిన ఫలితానికీ ఒక్క ఈఆర్‌పీ ఫలితానికీ ఉన్న తేడా, మందుకూ ఈఆర్‌పీకీ ఉన్నంత పెద్దది కాదు. మందు వాడుతున్నా పూర్తిగా తగ్గనివారి సంగతి 2013లో హెలెన్ బ్లెయిర్ సింప్సన్ బృందం చూసింది: ఈఆర్‌పీ జోడిస్తే 80 శాతం, రిస్పెరిడోన్ అనే మరో మందు జోడిస్తే 23 శాతం, ఉత్తుత్తి మాత్రతో 15 శాతం మెరుగుపడ్డారు. మందు సగం పనిచేసి ఆగిపోయినప్పుడు, ఇంకో మాత్ర కలపడానికి ముందు ఈఆర్‌పీ అడగమని చెప్పడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

మరి "తట్టుకోలేను" అన్న భయం సంగతి? చాలా అధ్యయనాలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో ఈఆర్‌పీ మధ్యలో మానేసినవారు దాదాపు 15 శాతం. అంటే మొదలుపెట్టిన ప్రతి ఆరేడుగురిలో ఒకరు. ఓసీడీకి ఇచ్చే ఇతర చికిత్సలను మానేసేవారు కూడా ఇంచుమించు అంతే. కష్టం లేదని అనను. కానీ జనం అనుకున్నంత మంది పారిపోవడం లేదు.

మందులదీ తక్కువ విలువేమీ కాదు. ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రాలిన్, ఫ్లూవోక్సమిన్, పరోక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్ వంటి ఎస్ఎస్ఆర్ఐలు (మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందులు) మొదటి వరుసలోవి. క్లోమిప్రమిన్ పాతది, శక్తిమంతమైనది, దుష్ప్రభావాలు ఎక్కువ కాబట్టి సాధారణంగా తర్వాతి వరుస. డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు ఓసీడీకి తరచుగా చాలదు. సెర్ట్రాలిన్ 200 మిల్లీగ్రాముల దాకా వెళ్లాల్సి రావచ్చు. సరైన మోతాదులో 8 నుంచి 12 వారాలు వాడితే గాని పనిచేసిందో లేదో చెప్పలేం. మూడు వారాలకే డాక్టర్ను మార్చేవారు అసలు ఫలితాన్ని చూడకుండానే వెళ్లిపోతున్నారు. తగ్గాక కూడా కనీసం ఏడాది, రెండేళ్లు కొనసాగించమంటారు. హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, చిరాకు వస్తాయి, జబ్బు తిరగబెట్టే అవకాశమూ ఉంది. ఒంటి మార్పులను ఇట్టే గమనించే సున్నిత మనస్కులకు మొదటి రెండు వారాల వికారం, లోలోపలి అలజడి పెద్దగా కనిపిస్తాయి. డాక్టరుకు ముందే చెబితే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. లైంగిక ఆసక్తి తగ్గడం గురించి మనవాళ్లు అడగరు, డాక్టర్లూ అన్నిసార్లూ చెప్పరు. అడగండి. పాతికేళ్ల లోపు వయసువారిలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయేమో ఇంట్లోవారు కనిపెట్టుకుని ఉండాలి.

ఆల్ప్రాజోలమ్ వంటి మాత్ర అడిగేవారు చాలామంది. ఆ పూటకు హాయిగా ఉంటుంది. కానీ అలవాటుపడే మందు, ఓసీడీని తగ్గించదు. ఎక్స్‌పోజర్‌కు ముందు వేసుకుంటే నేర్చుకోవాల్సిన పాఠం కూడా మొద్దుబారుతుంది.

ఎక్స్‌పోజర్ మాటే గిట్టనివారికి రెండు ప్రత్యామ్నాయాలున్నాయి. ఒకటి మాంట్రియల్‌లో కీరన్ ఓకానర్, ఫ్రెడరిక్ ఆర్డెమా రూపొందించిన ఇన్ఫరెన్స్ బేస్డ్ సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో ఒక రకం). అందులో భయాన్ని ఎదుర్కోవడం ఉండదు. కళ్ల ముందు కట్టేసి ఉన్న రెగ్యులేటర్‌ను పక్కనపెట్టి, "ఒకవేళ" అనే ఊహను మనసు ఎలా నమ్మేస్తోందో అడుగడుగునా విప్పి చూస్తారు. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. ఆధారాల రాశి మాత్రం ఈఆర్‌పీతో పోలిస్తే చిన్నది. మనదేశంలో ఇందులో శిక్షణ పొందినవారు దొరకడం ఇంకా కష్టం. ఎక్స్‌పోజర్ ఒకసారి ప్రయత్నించి విఫలమైనవారికీ, అనుమానమే ప్రధానంగా ఉన్నవారికీ నేను దీన్ని సూచిస్తాను. రెండోది ఏసీటీ, అంటే యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ. ఆలోచనతో కుస్తీ పట్టకుండా, దాన్ని అక్కడే ఉండనిచ్చి, తనకు విలువైన పని చేసుకోవడం నేర్పుతుంది. ఈఆర్‌పీకి ఏసీటీ జోడిస్తే ఫలితం పెరుగుతుందా అని 2018లో మైకేల్ టూహిగ్ బృందం చూసింది. పెద్ద తేడా రాలేదు, తరుగూ రాలేదు. కాబట్టి ఏసీటీ భాషలో చెబితే మీకు ధైర్యం వస్తుందంటే అలాగే చేయించుకోండి.

ఒట్టి ధ్యానం, ఊపిరి అభ్యాసాలు, "పాజిటివ్‌గా ఆలోచించండి" అనే కౌన్సెలింగ్, ఆలోచన రాగానే "ఆపు" అనుకోవడం ఓసీడీకి చికిత్సలు కావు. వద్దనుకున్న ఆలోచన మరింతగా తన్నుకొస్తుందని సైకాలజిస్టు డేనియల్ వెగ్నర్ 1987లోనే, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని మనుషులకు చెప్పి చేసిన ప్రయోగంతో చూపించారు.

వేగం, థెరపిస్టు, ఇల్లు

సున్నిత మనస్కులకు మెట్లు మెట్లుగా వెళ్లే పద్ధతే సహజమైన ఎంపిక. అయినా వారానికి ఒక్క సెషన్ అందరికీ మేలనుకోకండి. వారమంతా రాబోయే సెషన్‌ను తలచుకుని నలిగిపోయేవారికి వారానికి రెండుసార్లు, లేదా కొద్ది రోజుల్లోనే ముగిసే ఇంటెన్సివ్ పద్ధతి నయం. నార్వేలోని బెర్గెన్‌లో గెర్డ్ క్వాలె, బ్యార్నె హాన్సెన్ నాలుగు రోజుల్లో ముగిసే చికిత్సను నడిపి మంచి ఫలితాలు చూపించారు.

థెరపిస్టు మెత్తగా మాట్లాడాలని సున్నిత మనస్కులు కోరుకుంటారు. మెత్తదనం మంచిదే. కానీ ప్రతి సెషన్లో మీరు ఊరట పొంది, కష్టమైన పని ఒక్కటీ చేయకుండా ఇంటికొస్తున్నారంటే అది ఈఆర్‌పీ కాదు. మరోవైపు, చెప్పకుండా హఠాత్తుగా చెత్తబుట్టలో చెయ్యి పెట్టించేవారి దగ్గరా ఉండొద్దు. మొదటి రోజే అడగండి: ఇప్పటివరకు ఎంతమంది ఓసీడీవారికి ఈఆర్‌పీ చేశారు, సెషన్లో నాతోపాటు మీరూ ఆ పని చేస్తారా, ఇంటి దగ్గర చేయాల్సింది ఏమిస్తారు, నేను "ఈ మెట్టు వద్దు" అంటే ఏం చేస్తారు. చివరి ప్రశ్నకు "చిన్న మెట్టుగా మార్చుకుందాం" అన్న జవాబు రావాలి. "మానేద్దాం" అనీ, "చేసి తీరాలి" అనీ అనేవారిద్దరూ మీకు సరిపడరు.

ఇంట్లోవారు సున్నితమైన బిడ్డను చూసి జాలిపడి జబ్బుకు ఊడిగం చేస్తారు: బయటినుంచి రాగానే అందరూ స్నానం చేయడం, "తాళం వేశావమ్మా" అని పదిసార్లు చెప్పడం. చికిత్స మొదలైన రోజే ఇవన్నీ తెగ్గొడితే ఇల్లు యుద్ధభూమి అవుతుంది. థెరపిస్టుతో కలిసి కూర్చుని, ఏది ఎప్పుడు ఆపాలో రోగితోనే నిర్ణయించుకోవాలి. "నీకు కష్టంగా ఉందని తెలుసు, నువ్వు నెగ్గుకొస్తావనీ తెలుసు, అందుకే జవాబు చెప్పను" అన్న మాటతో మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడే మొదలుపెట్టకూడనివారు

ఆత్మహత్య ఆలోచనలు, మంచం దిగలేనంత డిప్రెషన్, ఉన్మాద దశలో ఉన్న బైపోలార్, లేనివి కనిపించే వినిపించే సైకోసిస్, మద్యం వంటి వాటికి బానిసవడం ఉంటే ముందు వాటికి చికిత్స జరగాలి. అంతవరకు సైకియాట్రిస్టు పర్యవేక్షణలో మందే సరైన మొదటి అడుగు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు.

హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఓసీడీకే ప్రత్యేక క్లినిక్ కావాలంటే బెంగళూరు నిమ్హాన్స్. జిల్లాల్లో ఉన్నవారికి వీడియో సెషన్లు సరిపోతాయి. గ్యాస్, తాళం, బాత్రూమ్ భయాలు ఇంట్లోనే కాపురం ఉంటాయి కాబట్టి కొన్నిసార్లు అవే మేలు కూడా. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా అని చూసుకోండి. ఇంగ్లండ్‌లో ఉండే తెలుగువారు ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కు డాక్టరు చీటీ లేకుండా నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. అమెరికాలో ఉన్నవారు ఇంటర్నేషనల్ ఓసీడీ ఫౌండేషన్ థెరపిస్టుల జాబితాలో వెతకవచ్చు.

ఏ దారి పట్టినా మొదటి రోజే వై-బాక్స్ అనే పది ప్రశ్నల కొలమానంతో అంకె వేయించుకోండి. అది సున్నా నుంచి 40 దాకా ఉంటుంది. 16 నుంచి 23 మధ్యస్థం, 24 నుంచి 31 తీవ్రం. అంతకుమించితే అతితీవ్రం. మధ్యస్థంలో ఉంటే ఒక్క ఈఆర్‌పీతో మొదలుపెట్టమంటాను. తీవ్రంలో ఉంటే, లేదా భయం వల్ల మొదటి మెట్టు కూడా ఎక్కలేకపోతే, మందును కలిపి మొదలుపెట్టమంటాను. 35 శాతం తగ్గితే చికిత్సకు స్పందించినట్టు లెక్క: 28 ఉన్నది 18కి రావాలి. వారానికొకటి చొప్పున, ఇంటి అభ్యాసంతో సహా పదిహేను, ఇరవై సెషన్లు చేశాక కూడా అంకె కదలకపోతే మెట్లను, థెరపిస్టును, మందు మోతాదును ఈ వరుసలోనే మార్చి చూడండి.